పడమటి గోడకు తడి

గోనెపట్టా వెనక చెయ్యి దూర్చి ఆమె పీచుకట్టను విదిలించింది. నీళ్ళు తుంపరగా లేచి గోడ మీద వాలాయి. కిందికి జారలేదు. జారితే తప్పు. సిమెంటు గోడైతే మగ్గుతో కొట్టొచ్చు, పైపు పెట్టి బాదొచ్చు. ఎంత పోసినా తాగుతుంది, ఉత్త తాగుబోతు. సున్నపు గోడ అలా కాదు. పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టు పట్టాలి. ఎక్కువైతే కక్కుతుంది, తక్కువైతే నెర్రెలిస్తుంది.

మళ్ళీ ముంచింది. మళ్ళీ విదిలించింది. మడమలెత్తి, చెయ్యి చాచి, అందినంత మేర. ఒక బారెడు గోడ తడిపి, బకెట్టు జరిపి, ఇంకో బారెడు. మధ్యమధ్య మెడ తిప్పి బాట వైపు చూస్తోంది. ఇంకా ఆరు కాలేదు. తోటలోకి నడక కోసం వచ్చే పెద్దమనుషులు తాటిచెట్ల వరస కింద చేతులూపుకుంటూ పోతున్నారు. వాళ్ళ వల్ల భయం లేదు. వాళ్ళ కళ్ళకు ఆమె కనిపించదు. కనిపించినా గోనెపట్టాల్లో అదొక పట్టా.

భయం సూపర్‌వైజర్‌తోనే. మూడు రోజుల కిందట అతను వచ్చి తడపడం ఆపమన్నాడు. బాగుచేస్తున్న పాత బంగళా ప్రారంభానికి ఇంక పన్నెండు రోజులే, రంగు పడాలి, పటాలు తగిలించాలి. "చాల్లే నీళ్ళక్కా, పంతొమ్మిది రోజులు తాగింది, దాహం తీరే ఉంటుంది" అన్నాడు. ఆ సాయంత్రమే ఎక్కి పనిచేయడానికి గోడకు కట్టిన సారవ కర్రలు విప్పించాడు. నిచ్చెనలు లోపల పెట్టి తాళం వేయించాడు. ఆమెను గదులు ఊడవడానికి మార్చాడు. ఆమె సరేనంది, తల కూడా ఊపింది. మర్నాడు అందరికంటే ముందొచ్చి తడిపింది. ఇవాళ మూడో రోజు.

పంతొమ్మిది రోజులు చాలదు. సున్నం గాలి తాగి రాయవుతుంది. ఆ తాగడానికి దానికి తడి కావాలి, ఓపిక కావాలి. నీడ గోడకు నెల. మధ్యాహ్నం నుంచి ఎండ మొహాన కొట్టే ఈ పడమటి గోడకు ఇంకో పది రోజులు. ఇదంతా ఆమె ఎక్కడా చదవలేదు. చదివినవాళ్ళు ఈ తోటలో బోలెడంతమంది తిరిగారు. గోడ మీద చెయ్యి వేసి చూసినవాడు ఒక్కడు లేడు.

బంగళా కట్టి నూట యాభై ఏళ్ళు దాటింది. దొరలు కట్టారని పలక మీద రాసుంది. దొరలు కట్టడమేమిటి. దొర నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరో సున్నం కలిపారు, ఎవరో ఇటుకలు మోశారు, ఎవత్తో ఒకత్తి గోడకు నీళ్ళు పట్టింది. సముద్రాల అవతల నుంచి తెచ్చిన మొక్కలను ఎండబెట్టి, కాగితాలకు అంటించి, బీరువాల్లో దాచడానికి ఈ ఇల్లు. ముందు వైపు లావాటి కొయ్య స్తంభాల వసారా, మనిషికి రెండింతల ఎత్తు కిటికీలు, ఆకుపచ్చ రెక్కలు. ఎండుటాకులకు అంత గాలి, అంత నీడ. పనివాళ్ళు మాత్రం వెనక రేకుల షెడ్డులో తినాలి, వసారా మెట్ల మీద కూర్చోకూడదు. బోర్డు పెట్టారు.

ఆమెకు యాభై దాటాయి. చీర మీద పొడుగు చేతుల మగ చొక్కా వేసుకుంటుంది, తల మీద సైటు వాళ్ళిచ్చిన హెల్మెట్ పెట్టుకుంటుంది. వేళ్ళ సందులు సిమెంటు తిని పాలిపోయాయి. గోళ్ళ అంచులు చిట్లాయి. అరచేతిలో గీతలు అరిగాయి. హాజరు మిషను మీద వేలు పెడితే ఆ వేలు మనిషిది కాదంటుంది, అందుకని సూపర్‌వైజర్ ఆమె హాజరు చేత్తో రాసుకుంటాడు. కాళ్ళు మాత్రం గట్టివి. ఒకచోట నిలవవు. కూర్చోవడం ఆమెకు చేతకాదు. కూర్చుంటే ఎక్కడో ఏదో ఆరిపోతున్నట్టు ఉంటుంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. ఆరు వంతెనలు తడిపింది, ఒక పెద్దాసుపత్రి, రెండు బడులు, లెక్కలేనన్ని మేడలు. వాటిలో ఒక్క గోడనూ ఆరాక చూడలేదు. తడిపేవాళ్ళ బతుకు అంతే. గోడ పచ్చిగా ఉన్నన్నాళ్ళే వాళ్ళ అవసరం. రంగులవాళ్ళు దిగేసరికి వీళ్ళు లారీ ఎక్కి ఇంకో పచ్చిగోడ దగ్గర దిగుతారు. ఆసుపత్రికి ఒక్కసారి వెళ్ళింది, భర్తకు జ్వరం తలకెక్కినప్పుడు. అతన్ని లోపలికి తీసుకెళ్ళారు, ఆమెను గుమ్మంలో ఆపారు, చూసే వేళ కాదన్నారు. ఆ గుమ్మం పక్క గోడకు ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టింది ఆమే. ఆ మాట చెప్పలేదు. చెబితే గోడ వచ్చి సాక్ష్యం చెబుతుందా. వీపు గోడకానించి బయటే నిలబడింది. గంటకు పిలిచారు. అప్పటికి అయిపోయింది.

ఈ బంగళా సంగతి వేరు. ఇక్కడ మేస్త్రి ఆమె మరిది, భర్త తమ్ముడు. సున్నం పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తరవాత ముప్ఫై ఏళ్ళు ఎవడూ సున్నం మాటెత్తలేదు. సిమెంటు మూటల మధ్యే జుట్టు నెరిసింది. చివరికి పాత కట్టడాల మేడమ్ ఎక్కడెక్కడో వాకబు చేసి అతన్ని పట్టుకొచ్చింది. అతను వదినను తెచ్చుకుని, సున్నానికి తడి పట్టడం నేర్పాడు. "పండిన సున్నపు గోడను వేలి కణుపుతో కొడితే కంచు మోగినట్టు మోగుతుంది వదినా" అన్నాడు మొదటి రోజే. ఆ మోత వినాలని ఆమె కోరిక. వినే దాకా ఇక్కడే ఉండాలి. అంతకంటే పెద్ద కోరికలేమీ ఆమెకు లేవు. ఉన్నా ఎవరూ అడగలేదు.

ఎనిమిదింటికి సూపర్‌వైజర్ బండి హారను వినిపించేసరికి ఆమె చీపురుతో లోపలి గదిలో ఉంది. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి గోనెల వైపు చూసి వచ్చింది. ఎండ ఎక్కుతోంది.

పదింటికి మేడమ్ వచ్చింది. జుట్టు కత్తిరించుకున్న సన్నటి మనిషి. భుజాన సంచి, చేతిలో రెండు సూదులున్న చిన్న పెట్టె. రంగు వేసే ముందు తడి కొలవాలట. గోనెలు తప్పించి గోడకు సూదులు ఆనించింది. పెట్టె మీద అంకెలు వచ్చాయి.

"ఇరవై రెండు" అంది. ఇంకోచోట పెట్టింది. "ఇరవై నాలుగు."

మేస్త్రి మొహం చిన్నబోయింది. నిచ్చెన తెప్పించారు. పైన పెట్టి చూస్తే తొమ్మిది, ఎనిమిది. మేడమ్ సుద్దముక్క తీసుకుని తడి ఎక్కడ ఆగిందో అక్కడల్లా గీత గీసుకుంటూ గోడ చివరి దాకా వెళ్ళింది. పక్క తలుపు మెట్ల దగ్గర ఆ గీత జానెడు పైకి లేచింది.

"కింద తడి, పైన పొడి. నేలలోంచి నీరు ఎక్కుతోంది" అంది. "మెట్ల రాయి ఇంకా ఎక్కువ లాగుతోంది చూడండి."

సూపర్‌వైజర్‌కు ఎక్కడ లేని హుషారు వచ్చింది. "నేను మొదటే అన్నాను మేడమ్, ఈ సున్నం గిన్నం మన కాలానికి కాదని. ఏడడుగుల దాకా కొట్టేసి, వాటర్‌ప్రూఫ్ కలిపి సిమెంటు పూస్తే మూడు రోజుల్లో అద్దం."

"సిమెంటు పూస్తే లోపల ఇటుకకు ఊపిరాడదు మేడమ్" అన్నాడు మేస్త్రి. "రెండు వానాకాలాలు ఆగుతుంది. ఆ తరవాత తడిసిన బెల్లం."

"నాకు తెలుసు మేస్త్రీ. నేల నీరెక్కినా సున్నం దాన్ని గాలికి వదిలేయాలి. మీ సున్నం ఎందుకు ఆరలేదో అది చెప్పండి. మిగతా మూడు గోడలూ ఆరాయి కదా."

మేస్త్రి గోడను చూశాడు. గోరుతో గీకాడు. నాలుక మీద పెట్టుకున్నాడు. చివరికి "పాళ్ళు తప్పానేమో మేడమ్" అన్నాడు.

కిటికీ లోపల చీపురు ఆగిపోయింది. ఆ మనిషి నోట ఆమె ఆ మాట ఎన్నడూ వినలేదు. అన్నం తిన్నానో లేదో మరిచిపోతాడేమో గాని పాళ్ళు తప్పడు. చెప్పేస్తే సరి. చెప్పేస్తే సాయంత్రానికి గేటు బయట ఉంటుంది, గోడ ఎవడో ఒకడు ఆరబెట్టుకుంటాడు. మేడమ్ చదువుకున్న మనిషి, తనంతట తనే కనిపెట్టదా. ఆమె చీపురు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఆ పక్క గదిలోకి. మేడమ్ ఫోను పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగింది. తారీకు మార్చడం కుదరదని పైనుంచి చెప్పారట. పన్నెండు దాటాక మేడమ్ నేల చూస్తూ "కొట్టేయండి" అంది.

భోజనాల దగ్గర మేస్త్రి గిన్నె మూత తీసి అలాగే కూర్చున్నాడు. ఆమె షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతోంది.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు. కూర్చో వదినా. నీ నీడ నా గిన్నెలో పడుతోంది."

"నువ్వు తింటే కదా నా నీడ అడ్డం. తిను ముందు."

"సున్నం నానబెట్టిన గుంటలో ఏమైనా పడిందంటావా? ఇసుకలో ఉప్పేమైనా ఉందంటావా? కడిగిన ఇసుకే."

"ఏమీ పడలేదు."

"మరి ఆరదేం? నాన్న చెయ్యి నాకు రాలేదు వదినా. వచ్చిందని ఇన్నాళ్ళూ మీసం తిప్పాను, అంతే."

ఇంతలో ఆమె ఫోను మోగింది. కూతురు, బట్టల దుకాణంలో పని చేస్తుంది.

"అమ్మా, నీ అల్లుడు మళ్ళీ జారిపడ్డాడు. పొద్దున్నే గుమ్మం ముందు ఎవరు చల్లమన్నారే అన్ని నీళ్ళు? ఇల్లు సిమెంటే కదా, కట్టి ఇరవై ఏళ్ళయింది. ఇంకా ఏం గట్టిపడాలి?"

"దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు. మీ అమ్మకు పిచ్చి అన్నాడు. మా అమ్మకు పిచ్చయితే నిన్ను అల్లుణ్ణి చేసుకున్నప్పుడే తెలియాలి అన్నాను."

"సరే, పెట్టెయ్."

"ఏమైంది? గొంతు అలా ఉందేం?"

"దాహం వేస్తోంది" అని ఆమె ఫోను పెట్టేసింది.

రెండింటికి ఉలీ సుత్తీ తెచ్చారు. ఎండ తాటిచెట్ల మీదుగా వంగి గోడ మొహాన పడుతోంది. కూలీలు కొడతామంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "నేను పూసింది నేనే కొడతాను" అని ఉలి తీసుకున్నాడు. సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ దూరంగా, అటు తిరిగి, ఏదో రాసుకుంటున్నట్టు నిలబడింది. ఆమె బుట్ట పట్టుకుని ఉంది, రాలిన పెచ్చులు ఎత్తిపోయడానికి.

మొదటి దెబ్బకు అరచేతంత ముక్క ఊడి మేస్త్రి పాదాల దగ్గర పడింది. పొడి కాలేదు. ముక్కగానే పడింది, ముక్కగానే ఉంది. అతను వంగి దాన్ని చూశాడు. చెడిన సున్నమైతే పిండిలా రాలాలి. అతను మళ్ళీ ఉలి ఎత్తాడు, కానీ కొట్టలేకపోయాడు.

"ఆపు" అంది ఆమె.

"ఏంటమ్మా నీ గోల?" అన్నాడు సూపర్‌వైజర్.

"అది నేల నీళ్ళు కాదు. నా నీళ్ళు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె బుట్ట కింద పెట్టి గోడ దగ్గరికి నడిచింది. గోడకు మొహం పెట్టి, మడమలెత్తి, కుడిచెయ్యి చాచింది. నడిమి వేలి కొస సరిగ్గా సుద్దగీతకు తగిలింది. నాలుగడుగులు పక్కకు జరిగింది. మళ్ళీ చాచింది. మళ్ళీ గీతే. అలా గోడ వెంబడి జరుగుతూ పక్క తలుపు దాకా వెళ్ళింది. అక్కడ మెట్టెక్కి చెయ్యి చాచింది. పైకి లేచిన ఆ జానెడూ ఆమె వేలి కిందే ఉంది.

"సారవ విప్పేశారు. నిచ్చెన తాళంలో ఉంది. అంతకంటే పైకి నా చెయ్యి అందలేదు. మూడు పొద్దులుగా తడుపుతున్నాను."

మేస్త్రి ఉలి పట్టుకునే నవ్వాడు. ఆ నవ్వు ఏడుపుకు దగ్గరగా ఉంది. మేడమ్ పరుగులాంటి నడకతో వచ్చి, గోడ అడుగున, సున్నం పూయని పునాది దగ్గర ఇటుకకు సూదులు ఆనించింది. నాలుగు. ఇంకోచోట. మూడు. పొడి. నేలలోంచి నీరెక్కితే ముందు తడవాల్సింది అదే. పొద్దున్నే చూడాల్సింది. చదువుకున్నవాళ్ళకు జవాబు ముందు దొరుకుతుంది, ప్రశ్న తరవాత.

"ఈ గోడ ముట్టుకోవద్దు" అంది మేడమ్. "రంగూ వద్దు, సిమెంటూ వద్దు. గోనెలతోనే ఉండనివ్వండి. ప్రారంభానికి వచ్చేవాళ్ళు ముందు వైపు చూస్తారు, అంతే." ఆ తరవాత పుస్తకం తెరిచింది. "రోజుకు ఎన్నిసార్లు తడిపేవారు? ఏ వేళప్పుడు? చాలు అని ఎలా తెలుస్తుంది?"

"పొద్దున ఒకసారి, పొద్దువాలాక రెండుసార్లు. ఈ మూడు రోజులూ పొద్దున ఒక్కసారే కుదిరింది. చెంప ఆనిస్తే తెలుస్తుంది."

"చెంపా?"

"చెయ్యి సిమెంటు తిని మొద్దుబారిపోయింది. చెంప అబద్ధం చెప్పదు."

మేడమ్ అదీ రాసుకుంది. అక్షరం పోకుండా రాసుకుంది. ఆవిడ రాసుకోవడం అయ్యే దాకా ఆగి సూపర్‌వైజర్ ముందుకొచ్చాడు.

"మంచిదే. గోడ బాగుంది, సంతోషం. కానీ ఆపమన్నాక తడిపింది మేడమ్. ఈవిణ్ణి ఉంచితే రేపు నా మాట ఇక్కడ ఎవడు వింటాడు? రేపటి నుంచి రానక్కర్లేదు."

మేస్త్రి మేడమ్ వైపు చూశాడు. మేడమ్ పుస్తకం మూసింది. "అది మీ కాంట్రాక్టు విషయం, నేను కలగజేసుకోలేను" అంది, నిజంగానే బాధపడుతూ. బాధపడటం ఆవిడకు బాగా వచ్చు. నూట యాభై ఏళ్ళ ఇటుకకు ఊపిరాడదంటే నిద్రపోని మనిషి. ఇటుక కానిదాని గురించి ఆవిడకు అధికారం ఇవ్వలేదు.

"నేనూ పోతాను" అన్నాడు మేస్త్రి.

"నోరు మూసుకో" అంది ఆమె. "నువ్వు పోతే మళ్ళీ సిమెంటు మూటలు వస్తాయి. ఇటు రా."

అతన్ని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది. గోనె గోడకు ఆనకూడదు, జానెడు దూరం ఉండాలి. నీళ్ళు కారకూడదు. వాన వస్తే చల్లొద్దు, వాన తుంపర చాలు. ఆ ఊడిన అరచేతంత మేర కొత్తది పూసే ముందు పాత అంచును బాగా తడపాలి, లేకపోతే పాతది కొత్తదాని తడి తాగేస్తుంది. అతనికి తెలిసినవే అన్నీ. అయినా తలాడించాడు.

"ముందే నాతో చెప్పి ఉంటే పోయేది కదా వదినా."

"చెబితే ఆపేవాడివి."

"ఆపేవాణ్ణే."

"మరి?"

ఆమె చొక్కా విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. అంత తొందరగా ఆమె ఇంటికి పోవడం ఎప్పుడూ లేదు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. పోయే ముందు ఊడిన చోటు పక్కన వేలి కణుపుతో గోడను కొట్టి చూసింది. ఠప్పుమంది. పచ్చిది. ఇంకా చాలా రోజులు పడుతుంది.

తాటివరస కింద నడుస్తూ రెండుసార్లు ఆగింది. రెండోసారి వెనక్కి కూడా చూసింది. గోనెలు గాలికి కదులుతున్నాయి. ఊడిన చోటు అంచు తడపడానికి మేస్త్రి బకెట్టుతో వస్తున్నాడు. పీచుకట్ట పట్టుకున్న తీరు బాగాలేదు, మణికట్టు మరీ బిగబట్టాడు. చెప్పి వద్దామని నాలుగడుగులు వెనక్కి వేసి, ఆగి, మళ్ళీ గేటు వైపు తిరిగింది.

గేటు దగ్గర ముసలి కాపలాదారు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. సంగతి అప్పటికే అతనికి తెలిసింది. ఆ తోటలో కబురు మనిషి కంటే ముందు నడుస్తుంది.

"సైటు సామాను ఇచ్చిపోవాలమ్మా చెల్లెమ్మా" అన్నాడు, మొహం చూడకుండా.

ఆమె తల మీది పసుపు హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"ప్రారంభం రోజు రా. నేనే గేట్లో ఉంటాను, ఎవరూ ఆపరు. గోడ చూసుకుందువు గాని."

"ఆ రోజుకు ఎక్కడో తడుపుతుంటాలే అన్నా."

రోడ్డు దాటింది. బస్సు కోసం నిలబడకుండా నడక సాగించింది. మలుపు తిరిగే దాకా అతను చూశాడు. తరవాత హెల్మెట్ తీసుకుని వరసలో పెట్టబోయి, అది మిగతావాటిలో ఇమడకపోతే తిప్పి చూశాడు. వెనకపట్టీ కత్తితో కోసి ఉంది, కొప్పు పట్టేంత సందు వదిలి, తెగిన రెండు కొసలనూ పాత చీర అంచుతో కలిపి ముడివేసి ఉంది.